సిమెంటు దిబ్బ చేపను పుట్టించదు: అపోహలు - వాస్తవాలు

అపోహ: కడలిలో దిబ్బ వేస్తే చేప పుడుతుంది, ఎంత పట్టినా తరగదు.

నెల్లూరు, ప్రకాశం తీరంలో కృత్రిమ దిబ్బల (చేపల కోసం కడలి అడుగున దించే సిమెంటు దిమ్మెల) మాట ఎత్తితే ముందు వినిపించేది ఇదే. ఎక్కువ నష్టం చేసేదీ ఇదే.

వాస్తవం: నీళ్లలో దించిన దిమ్మెల మీద ముందు జిగట పొర, తర్వాత నాచు, ఆలుచిప్పలు పట్టుకుంటాయి. వాటిని మేసే చిన్న చేప, దాని వెంట దాన్ని తినే పెద్ద చేపలు గ్రూపర్లు చేరతాయి. మొదటి నెలల్లో కనిపించే చేపలో ఎక్కువ భాగం చుట్టుపక్కల నుంచి వచ్చిందే. పది చోట్ల చెదిరిన చేప ఒక్కచోట పోగైతే పట్టడం తేలిక. అప్పుడే వలలు దించితే దిబ్బా ఖాళీ, చుట్టుపక్కలా ఖాళీ. చేప నిజంగా పెరగాలంటే పిల్లలు అక్కడ దాక్కుని, ఎదిగి, గుడ్లు పెట్టేదాకా బతకాలి.

గ్రూపర్ సంగతి మరీ సున్నితం. మన పండుగప్ప ముందు మగది, ఎదిగాక ఆడది అవుతుంది. గ్రూపర్‌కు ఇది తారుమారు: ముందు ఆడది, బాగా ఎదిగాక మగది. పెద్దవాటినే ఏరి పడితే మగవి కరువవుతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఇంత నిదానంగా ఎదిగే చేపకు ఒక్కటే చాలదు.

కాబట్టి దిబ్బ ఉన్న చోటు జీపీఎస్‌లో గుర్తు పెట్టుకోండి. దాని మీదుగా ట్రాల్ (బోటు వెనక ఈడ్చే వల) లాగొద్దు, వల వేయొద్దు. దిమ్మె అంచుకు తగులుకున్న వల చిరిగి అక్కడే ఉండిపోతుంది. నైలాన్ కుళ్లదు, ఏళ్ల తరబడి చేపను చంపుతూనే ఉంటుంది. గేలమే వాడండి. మొన లోపలికి తిరిగిన గుండ్రటి గేలం ఎక్కువగా నోటి మూలకే పడుతుంది, కడుపులోకి దిగడం తక్కువ. లోతు నుంచి గబగబా లాగిన చేపకు గాలితిత్తి ఉబ్బుతుంది, వదిలినా మునగలేదు. అందుకే వరుసగా పిల్లలే పడుతుంటే చోటు మార్చాలి.

"మేం ఆగితే పక్క ఊరి బోట్లు ఊడ్చుకుపోతాయి" అన్న భయం ఉత్తది కాదు. అప్పు చేసి డీజిల్ పోయించుకున్నవాళ్లను ఆగమనడం తేలికా కాదు. రెండు ఊళ్ల కాపులు (మత్స్యకారుల ఊరి పెద్దలు) కలిసి దురాయి (అందరూ పాటించాల్సిన ఆన) పెడితేనే ఈ కట్టుబాటు నిలుస్తుంది.

అపోహ: పగడాలు వేడికి చస్తాయి, వేటతో పనిలేదు.

వేడికి తెల్లబడటం నిజమే. కానీ నాచు కమ్మిన రాతికి పగడపు పిల్లలు అంటుకోలేవు. ఆ నాచును మేసేది చిలక చేప, సర్జన్ చేప. జమైకాలో అవి వేటకు తరిగిపోయాక మేత పని ఎక్కువగా ముళ్ల బంతుల్లాంటి సముద్రపు అర్చిన్ల మీదే పడింది. 1980లో తుఫాను పగడాలను విరిచింది. 1983లో రోగం వచ్చి అర్చిన్లూ పోయాయి. 1970ల చివర సముద్రపు అడుగున సగానికి పైగా పరుచుకుని ఉన్న పగడం 1990ల మొదట్లో 5 శాతంలోపుకు పడిపోయింది.

అపోహ: మన సిమెంటు దిబ్బలు కొన్నాళ్లకు పగడపు దిబ్బలవుతాయి.

కావు. పగడాలకు తేటనీరు, వెలుతురు కావాలి. పెన్నా బురద కలిసే నీళ్లు మనవి. మన దేశంలో పగడపు దిబ్బలు ఉన్నది ముఖ్యంగా మన్నార్, కచ్ సింధుశాఖల్లో, లక్షద్వీప్, అండమాన్ నికోబార్‌లలో.

ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం దిబ్బలు కట్టే జాతే కాదు. తెల్ల పగడపు ముక్క మాత్రం ఎవరు అమ్మినా కొనొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆ వ్యాపారం నేరం.