స్టాండ్‌బై సర్వర్‌లో డెడ్‌లాక్‌ను ఎవరు కనిపెట్టాలి?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ జోరుగా ఉన్న ఒక ఉదయాన్ని ఊహించుకుందాం. ఒక రైతుకు కాంటా దొరికింది గాని గోనె సంచులు లేవు. పక్క రైతు దగ్గర సంచులున్నాయి గాని కాంటా కావాలి. తన దగ్గరున్నది వదలనని ఇద్దరూ పట్టుబడితే తూకం ఆగిపోతుంది. డేటాబేస్‌లో ఈ స్థితినే డెడ్‌లాక్ అంటారు.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో తాళం (ఒకరి పని మధ్యలో ఇంకొకరు అడ్డురాకుండా ఆపే ఏర్పాటు) కోసం ఎదురుచూసే ప్రక్రియ, మామూలు అమరికలో 1 సెకను గడిచాక, ఎవరు ఎవరి కోసం ఆగారో ఒక్కసారి చూస్తుంది; ఒకరి కోసం ఒకరు ఆగిన వలయం కనబడితే తన పని రద్దు చేసుకుంటుంది, లేకపోతే మళ్లీ చూడదు. వలయాన్ని పూర్తిచేసేది చివరగా వచ్చి ఆగినవారే గనుక, వారు చూస్తే చాలు. ఎంతో పొదుపైన ఏర్పాటిది.

హనుమకొండలో ప్రధాన సర్వర్, కరీంనగర్‌లో దాని నకలైన స్టాండ్‌బై ఉన్నాయనుకుందాం. 2010లో వచ్చిన 9.0 వెర్షన్ నుంచి ఇలాంటి నకలు మీద కూడా సమాచారం చదువుకోవచ్చు. ప్రధాన సర్వర్ లాగ్‌ను, అంటే మార్పుల చిట్టాను, అక్కడ అదే వరుసలో తిరిగి అమలుచేసే స్టార్టప్ ప్రక్రియ వెనక్కి తగ్గడానికి వీల్లేదు, తగ్గితే నకలు నకలుగా మిగలదు.

చిక్కు ఇక్కడే వచ్చింది. ప్రధాన సర్వర్‌లో ఒక లావాదేవీ 'ధరలు' పట్టికకు పూర్తి తాళం వేసింది. లాగ్ ద్వారా స్టాండ్‌బైలో స్టార్టప్ కూడా అదే తాళం వేసింది. అప్పటికే 'రైతులు' పట్టిక చదివి ఇంకా ముగియని క్వెరీ (సమాచారం అడిగే పని) ఒకటి 'ధరలు' అడిగి ఆగింది. సెకను తర్వాత చూస్తే స్టార్టప్ ఎవరి కోసమూ ఆగిలేదు, కాబట్టి వలయం లేదనుకుని క్వెరీ నిద్రలోకి జారింది. ఆ తర్వాత అదే లావాదేవీ నుంచి 'రైతులు' తాళం కోరే నమోదు వచ్చింది. వలయం పూర్తయింది. క్వెరీ ఇక చూడదు; చివరగా ఆగిన స్టార్టప్ చూడాలి, కానీ ఆ పని క్వెరీలే చేస్తాయన్న నమ్మకంతో దాని కోడ్ రాశారు.

మామూలు అమరికలో 30 సెకన్ల గడువు దాటితే అడ్డున్న క్వెరీ రద్దవుతుంది. పెద్ద నివేదికల కోసం ఆ గడువే లేకుండా చేసుకున్నవారికి మాత్రం నకలు అక్కడే నిలిచిపోతుంది. మిగతా పట్టికలు యథాప్రకారం జవాబిస్తూనే ఉంటాయి, లోపల సమాచారం పాతబడుతుంటుంది. అందుకే ఈ లోపాన్ని నేను చిన్నదిగా చూడలేను.

2021 ఫిబ్రవరి విడుదలల్లో దీన్ని సరిచేశారు. ఇప్పుడు స్టార్టప్ సెకను ఆగాక, తనకు అడ్డుగా తాళం పట్టుకున్న ప్రతి ప్రక్రియకూ కబురు పంపి, వలయం ఉందేమో చూసుకోమంటుంది. వలయం కనబడిన క్వెరీ డెడ్‌లాక్ దోషంతో ఆగిపోతుంది, దాన్ని అప్లికేషన్ మళ్లీ నడుపుకోవాలి. స్టార్టప్ తన లాగ్‌లో తర్వాతి నమోదుకు వెళుతుంది.