గెల ధర గొడవ: సుంకం సరే, 1993 సంగతేంటి?

గోదావరి జిల్లాల మెట్టలో పామాయిల్ గెలల రేటు గొడవ మళ్ళీ రాజుకుంది. కారణం అడిగితే అందరూ ఒకటే చెబుతున్నారు. 2025 మే 30న కేంద్రం ముడి పామాయిల్ మీద దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 10కి దించింది, సెస్సులతో కలిపితే 27.5 కాస్తా 16.5 అయింది, దాంతో ఇండోనేషియా, మలేషియా నూనె చవగ్గా దిగి ఇక్కడ గెల రేటు పడింది అని. ఇది నిజమే. కానీ ఇదొక్కటే అయితే మన సార్వా (ఖరీఫ్) ధాన్యానికి రేటు లేకపోవడం లాంటి మామూలు ధరల బాధ అయ్యేది. పామాయిల్ రైతు ఇరుక్కున్న తీరు అది కాదు. అది అర్థం కావాలంటే 1993 దాకా వెనక్కి వెళ్ళాలి. కాటన్ దొర గోదావరి మీద ఆనకట్ట కట్టడం, దాంతో డెల్టాకి కాలవ నీళ్ళొచ్చి ఎత్తున ఉన్న మెట్ట నీళ్ళు లేక మిగిలిపోవడం, ఆ కథంతా ఇక్కడ మళ్ళీ చెప్పను, గోదావరి జిల్లాల్లో పుట్టిన ఎవరికైనా అది కంఠతా వచ్చు.

1993లో ఆంధ్రప్రదేశ్ ఆయిల్‌పామ్ చట్టం వచ్చింది. దాని సారం ఏమిటంటే ఫలానా మండలాలు ఫలానా ఫ్యాక్టరీవి. ఆ జోన్‌లో కోసిన గెల ఆ ఫ్యాక్టరీకే తోలాలి, ఫ్యాక్టరీ కూడా కాదనకుండా కొనాలి, రేటు ప్రభుత్వం నిర్ణయించాలి. కాగితం మీద చూస్తే ఇది రైతు కోసమే చేసినట్టు ఉంటుంది, కొంతవరకు అది నిజం కూడా. ఎందుకంటే కోసిన గెల ఇరవై నాలుగు గంటల్లో మిల్లుకి చేరి ఉడకాలి. ఆలస్యమైతే పండులో ఆమ్లం పెరిగి నూనె పాడవుతుంది. ధాన్యం అయితే బస్తాలకెత్తి రేటు వచ్చేదాకా ఆగొచ్చు, ఒక మిల్లరు కాకపోతే ఇంకో మిల్లరు. పొగాకు బేలు వేలంలో నచ్చకపోతే వెనక్కి తెచ్చుకోవచ్చు. గెలని ఎక్కడ దాస్తావు? కొనేవాడు గ్యారంటీగా ఉండాలి. ఆ గ్యారంటీ కోసం రైతు ఇచ్చుకున్నది, ఇంకొకడికి అమ్ముకునే హక్కు.

ఏడాది పంట అయితే ఈ బేరం నచ్చనప్పుడు మానేస్తారు. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని వరి నాటడం ఆపేశారు చూడండి, ఆ కోపం చూపించుకోవడానికి వాళ్ళకి ఒక దారి ఉంది. పామాయిల్ మొక్క నాటాక కాపుకి మూడు నాలుగేళ్ళు పడుతుంది, ఆ తర్వాత పాతిక ముప్పై ఏళ్ళు కాస్తుంది. దానికి హాలిడే ఏమిటి? గెల కొయ్యకపోతే చెట్టు మీదే కుళ్ళుతుంది, తీసేద్దామంటే పొక్లెయిన్ పెట్టి పీకించాలి.

మరి ఇంత తెలిసి ఎందుకు వేశారు అంటే, నేల. ద్వారకా తిరుమల, కామవరపుకోట, చింతలపూడి, టి.నరసాపురం వైపు ఎక్కువగా ఎర్ర ఇసుక నేలలు, అక్కడక్కడా కంకర దిబ్బలు. మన డెల్టా బంకమట్టి నెల రోజులు తడి పట్టుకుంటే ఆ నేల వారంలో వదిలేస్తుంది, వాన కురిసినంతసేపు కురిసి కిందికి దిగిపోతుంది. అందుకే ఆ పొలాల్లో చోళ్ళు, జొన్న, వేరుశనగ, కంది, చెలకల్లో జీడిమామిడి తప్ప చాలాకాలం పెద్దగా ఏమీ ఉండేది కాదు. డెల్టా వాళ్ళు మెట్టకి పిల్లనివ్వడానికి వెనకాడేవాళ్ళు అని పెద్దవాళ్ళు ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంటారు (నవ్వేది మన వైపు వాళ్ళే లెండి).

తర్వాత వర్జీనియా పొగాకు వచ్చింది. ఆ తేలిక నేలలు దానికి సరిగ్గా సరిపోయాయి. ఆకులో క్లోరైడ్ తక్కువగా ఉండాలి, అది అలాంటి నేలల్లోనే కుదురుతుంది. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, గోపాలపురం, దేవరపల్లి వేలం కేంద్రాలు అలా పుట్టినవే. కానీ పొగాకు అంటే పొగాకు బోర్డు కోటా, ఆకుని వేడి మీద ఆరబెట్టే బ్యారన్‌కి పుల్లలు, ఆకు కొట్టడానికి కూలీలు, మంట దగ్గర రాత్రంతా కాపలా. 2000-01లో రాష్ట్రమంతా పొగాకుకి క్రాప్ హాలిడే ఇచ్చారు. ఆ పరిస్థితిలో ఉన్న మనిషికి, మొక్కలు సబ్సిడీ మీద ఇస్తాం, నెలకి రెండు కోతలు, జీతంలా ఖాతాలో డబ్బు పడుతుంది, ఫ్యాక్టరీ కొని తీరాలని చట్టమే ఉంది అంటే ఎవరు కాదంటారు? 1988లో చద్దా కమిటీ దేశంలో ఆయిల్‌పామ్‌కి అనువైన ప్రాంతాలు ఇవీ అని గుర్తించింది, 1995లో పెదవేగిలో కేంద్ర పరిశోధనా సంస్థ పెట్టారు. సర్కారే వెనకుండి నడిపించిందన్న మాట.

ఇక నీళ్ళు. ఈ చెట్టు రోజుకి సుమారు 200 లీటర్లు తాగుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. ఎకరానికి 57 చెట్లు, అంటే రోజుకి పదకొండు వేల లీటర్ల పైమాటే. ఈ అంకె పట్టుకుని డెల్టాలో కొందరు "మెట్టోళ్ళు భూగర్భం పీల్చేస్తున్నారు" అంటారు. సరే, లెక్క వేద్దాం. ఏడాదంతా ఒక్క చుక్క వాన పడలేదనుకున్నా రోజుకి 200 లెక్కన ఎకరా తోటకి సుమారు 42 లక్షల లీటర్లు. వరి ఒక్క పంటకి 1,200 మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరానికి 48 లక్షలు. మనం వేసేది రెండు పంటలు, సార్వా, దాళ్వా (రబీ). తేడా ఎక్కడుందంటే మనది కాలవ నీరు, వాళ్ళది బోరు నీరు. 2004లో ఉచిత విద్యుత్ వచ్చాక కరెంటు బిల్లు భారం పోయింది, బోర్లు లోతుకి పోయాయి, కానీ బోరు వేయించడానికీ, ఎండితే ఇంకోటి వేయించడానికీ చేసిన అప్పు ఉచితం కాదు కదా. తాడిపూడి ఎత్తిపోతల కొన్ని మండలాలకే. చింతలపూడి ఎత్తిపోతలకి 2008లో శంకుస్థాపన చేశారు, ఇంకా పూర్తవ్వాలి. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల నీళ్ళు పోలవరం కుడి కాలవలో మెట్టని ఆనుకునే కృష్ణా వైపు వెళ్తున్నాయి.

చెట్టు పీకలేడు, బోరు అప్పు ఆగదు, గెల దాచలేడు, వేరే మిల్లుకి తోలలేడు. ఇలాంటి మనిషికి రేటు లెక్క ఎవరి చేతిలో ఉంది అన్నదే అసలు తగువు. అందులో ముఖ్యమైనది ఓఈఆర్, అంటే టన్ను గెలల నుంచి ఎంత శాతం నూనె దిగింది అన్నది. మిల్లుల్లో వచ్చిన అంకెల మీదే ప్రభుత్వం దాన్ని ఖరారు చేస్తుంది. ఒక్క శాతం తేడా అంటే టన్నుకి పది కిలోల నూనె. చాలాకాలం దీన్ని ఎవరూ పెద్దగా అడగలేదు, ఎందుకంటే పోల్చుకోవడానికి ఏమీ లేదు. 2014లో రాష్ట్రం విడిపోయింది. జీలుగుమిల్లికి కూతవేటు దూరంలో ఉన్న అశ్వారావుపేటలోని ఆయిల్‌ఫెడ్ అనే సహకార సమాఖ్య మిల్లు తెలంగాణకి పోయింది. అదే నేల, అదే చెట్టు, చట్టం కూడా అదే, కానీ అటువైపు ఓఈఆర్ ఎక్కువ, రేటూ ఎక్కువ. అప్పుడు పట్టుకున్నారు ఇటు రైతులు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం తెలంగాణతో సమానంగా ఇవ్వాలని ఒప్పుకుని తేడా డబ్బు ఖజానా నుంచి చెల్లించింది. మిల్లు లెక్కకి ప్రజల డబ్బు కట్టడం ఏమిటో నాకు ఇప్పటికీ బోధపడదు.

కంపెనీల మాట కూడా ఉంది. కోట్లు పెట్టి మిల్లు కట్టాం, నర్సరీలు నడిపాం, జోన్ లేకపోతే పక్క మిల్లు వాళ్ళు రూపాయి ఎక్కువిచ్చి గెలలు ఎత్తుకుపోతారు, పచ్చి గెలలు కోసి తెస్తే నూనె శాతం ఎక్కడి నుంచి వస్తుంది అంటారు. పచ్చి గెలల సంగతి కొంత నిజం. కూలీలు దొరికిన రోజే కోత పెట్టుకుంటున్నారు, పండింది పండనిది కలిపి దించేస్తున్నారు.

సుంకం సంగతి చివరికి ఎందుకు పెట్టానంటే అది ఎప్పుడూ నిలకడగా లేదు కాబట్టి. సెస్సులు కాకుండా చూస్తే 2008లో ముడి పామాయిల్ మీద సున్నా, 2018 మార్చిలో 44 శాతం, 2021 అక్టోబరులో మళ్ళీ సున్నా, 2024 సెప్టెంబరులో 20, 2025 మేలో 10. పండగల ముందు నూనె ప్యాకెట్ రేటు చూసి తగ్గించడం, రైతులు అరిస్తే పెంచడం. 2022లో ఇండోనేషియా ఎగుమతులు ఆపినప్పుడు టన్ను గెలలు 20 వేలు దాటాయి, ఆ ఏడాది చివరికి 13 వేల చుట్టూ తిరిగాయి. ముప్పై ఏళ్ళ చెట్టుకి, ఆరు నెలలకి మారే సుంకానికి పొత్తు ఎలా కుదురుతుంది?

2021లో కేంద్రం 11,040 కోట్లతో ఆయిల్‌పామ్ మిషన్ ప్రకటించింది. రేటు పడితే ఆదుకునే వయబిలిటీ ధర అని, ఐదేళ్ళ సగటు ముడి నూనె ధరలో 14.3 శాతం ప్రాతిపదికగా ఒక సూత్రం అందులో ఉంది. ఆ మాట నమ్మి ఆ తర్వాత నాటిన తోటలు, డెల్టా అంచు ఊళ్ళలో మెరక పొలాలు కూడా వాటిలో ఉన్నాయి, ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. ఆ గెలలు ఏ మిల్లుకి వెళ్ళాలో మొక్క నాటక ముందే రాసేసి ఉంది. ఆ సూత్రం ప్రకారం డబ్బు ఎప్పుడు పడుతుందన్నదే ఇప్పుడు రైతులు అడుగుతున్నది.