హెచ్‌పీవీ 16 అందరిలోనూ ఒకటేనా? అపోహలు - వాస్తవాలు

గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన నమూనాలను మైక్రోస్కోపు కింద చూడటం నా పని. రిపోర్టులో ‘హెచ్‌పీవీ 16 పాజిటివ్’ (హ్యూమన్ పాపిలోమా వైరస్‌లో 16వ రకం ఉందని) అని ఉంటే చాలు, ఇంటిల్లిపాదికీ కంగారు. అందులో కొంత అనవసరం.

అపోహ: హెచ్‌పీవీ ఉందంటే క్యాన్సర్ వచ్చినట్టే.

కాదు. ఈ వైరస్‌లో 200కు పైగా రకాలున్నాయి. ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతం 16, 18 రకాల వల్లే వస్తాయి. అవి సోకినా చాలామందిలో ఏడాది, రెండేళ్లలో శరీరమే అణిచేస్తుంది. వదలకుండా ఏళ్ల తరబడి తిష్ఠ వేసినప్పుడే చిక్కు.

అపోహ: 16 అంటే 16, అందులో తేడాలేముంటాయి?

ఉన్నాయి, అసలు విషయం ఇక్కడే ఉంది. ఈ వైరస్ జన్యుపటంలో సుమారు 7,900 డీఎన్‌ఏ అక్షరాలు. వైరస్ పైతొడుగు ప్రొటీన్‌ను తయారుచేసే ఎల్1 జన్యువులో 10 శాతానికి మించి తేడా ఉంటే దాన్ని వేరే రకంగా లెక్కిస్తారు. అంతకంటే చిన్న తేడాలున్నవి అదే రకంలోని శాఖలు. 16కు ఎ, బి, సి, డి అని నాలుగు ప్రధాన శాఖలు. వీటిలో డి2, డి3 ఉపశాఖలకు క్యాన్సర్‌తో, ముఖ్యంగా గ్రంథి కణాల్లో పుట్టే అడెనోకార్సినోమాతో, సంబంధం ఎక్కువని తేలింది. ముఖద్వారం కణాలను గాజుపలకపై పరిచి చూసే పాప్ స్మియర్ పరీక్షకు ఈ అడెనోకార్సినోమా అంత తేలిగ్గా దొరకదు.

ఇంకో సంగతి. 2017లో వెలువడిన ఓ పెద్ద అధ్యయనంలో వేల మంది మహిళల్లోని 16 రకం జన్యుపటాలను చదివితే, క్యాన్సర్ వచ్చినవారిలో వైరస్‌కు చెందిన ‘ఈ7’ (E7) అనే జన్యువు దాదాపు చెక్కుచెదరకుండా కనిపించింది. కణ విభజనకు కళ్లెం వేసే ఆర్‌బీ ప్రొటీన్‌ను దెబ్బతీసేది ఈ7 ప్రొటీనే. అంటే వైరస్‌లో వచ్చే ప్రతి మార్పూ దానికి బలం కాదు.

అపోహ: స్మియర్ చూస్తే ఏ శాఖో తెలిసిపోతుంది.

వైరస్ సోకిన కణంలో కేంద్రకం ఎండుద్రాక్షలా ముడుచుకుని, చుట్టూ తెల్లటి వలయం కనిపిస్తుంది. అంతే. శాఖ తెలియాలంటే జన్యుక్రమం చదవాల్సిందే. అది పరిశోధనల్లో చేసే పని. చికిత్స నిర్ణయించేది వైరస్ రకం, కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చేసి చూసే పరీక్ష), బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష).

అపోహ: ఫ్లూలా మారిపోతూ ఉంటుంది, ఇక టీకా ఎందుకు?

ఇది డీఎన్‌ఏ వైరస్. మన కణంలోని యంత్రాంగంతోనే ప్రతులు తీసుకుంటుంది కాబట్టి చాలా నెమ్మదిగా మారుతుంది. టీకా వల్ల వచ్చే యాంటీబాడీలు 16లోని వేర్వేరు శాఖలనూ అడ్డుకుంటాయి. అయితే అప్పటికే ఉన్న ఇన్ఫెక్షన్‌ను టీకా తగ్గించదు. టీకా వేయించుకున్నవారికీ స్క్రీనింగ్ తప్పదు.

మళ్లీ పాజిటివ్ వస్తే వైరస్ మారిందేమోనని బెంగపడకండి. పాత రకమే ఉండిపోయిందా, కొత్తది చేరిందా అన్నది డాక్టరుకు ముఖ్యం. పాత రిపోర్టు కూడా వెంట తీసుకెళ్లండి.