ముంబై పాత భవనాలు: 1940లో ఆగిపోయిన అద్దెల కథ

ఏటా వానాకాలానికి ముందు మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా, దక్షిణ ముంబైలో బాగా ప్రమాదకరంగా ఉన్న భవనాల జాబితా ప్రకటిస్తుంది. ఖాళీ చేయమని నోటీసులిస్తుంది. చాలామంది కదలరు. 2017 ఆగస్టు 31 ఉదయం భేండీ బజార్‌లో హుస్సేనీ భవనం కూలి 33 మంది చనిపోయారు. కొన్ని కుటుంబాలు అంతకుముందే వెళ్లిపోయాయి, కొన్ని ఉండిపోయాయి. ఇలా జరిగినప్పుడల్లా పాత కట్టడం కదా అంటారు. నిజానికి పాతబడటం కంటే పట్టించుకునే దిక్కు లేకపోవడమే వీటిని ఎక్కువగా కూల్చింది.

దీని మూలం 1947 బొంబాయి అద్దె నియంత్రణ చట్టంలో ఉంది. యుద్ధం ముగిసింది, దేశ విభజనతో శరణార్థులు వస్తున్నారు, ఇళ్లు దొరకడం లేదు. అందుకని 1940 సెప్టెంబర్ 1న ఎంత అద్దె ఉందో అదే ప్రామాణికమని తేల్చారు. ఆ రోజుల్లో అది న్యాయమే. లేకపోతే మిల్లు కార్మికుడు కుటుంబంతో సహా రోడ్డున పడేవాడు. కానీ తాత్కాలికమన్న చట్టాన్ని పొడిగిస్తూ పోయి అర్ధ శతాబ్దం నడిపారు. ధరలన్నీ పెరిగాయి, అద్దె మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఆ అద్దెతో ఏ యజమాని మరమ్మతు చేయిస్తాడు? ఈ చాల్‌లలో (వరుసగా గదులుండే పాత అద్దె భవనాల్లో) చాలావాటికి చెక్క దూలాలే ఆధారం. పైపు కారినా, గోడ చెమ్మ పట్టినా, గోడలో దిగిన దూలం కొన ముందు కుళ్లుతుంది. బయటికి కనిపించదు. వరండా ఒరిగాక కింద దుంగలు ఊతంగా నిలబెడతారు. ఆ దుంగల మధ్య నుంచే పిల్లలు బడికి వెళ్తుంటారు.

అద్దెదారుడికీ పూర్తి హక్కు లేదు. కొత్తగా గదిలోకి వచ్చేవాళ్లు పగిడీ పేరుతో పెద్ద మొత్తం కట్టేవారు. 1947 చట్టం ప్రకారం అది నేరం, అయినా అందరూ చేసిందే. ఇంత కట్టినవాడు నోటీసు చూసి గది వదిలి ఎలా వెళ్తాడు?

కూలిపోవడాలు ఎక్కువయ్యాక 1969లో మరమ్మతుల బోర్డు కోసం చట్టం తెచ్చారు. ఆస్తి పన్నుతో పాటు సెస్ అనే అదనపు పన్ను వసూలు చేసి, ఆ డబ్బుతో బాగుచేయాలన్నది ఆలోచన. అప్పటి లెక్కలో సెస్ పరిధిలోకి వచ్చిన భవనాలు 19,642. వచ్చే సెస్ అతుకులకే సరిపోయింది.

మన తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ ముంబైలోని కామాఠిపుర. నిజాం ఏలుబడిలోని తెలంగాణ పల్లెల నుంచి కట్టుబడి పనులకు వలస వెళ్లిన కూలీలను అక్కడ కామాఠీలన్నారు. ఆ పేటకు వాళ్ల పేరే వచ్చింది. నగరాన్ని కట్టిన మనవాళ్ల పేటలోనూ ఇప్పుడు శిథిలమైన సెస్ భవనాలే. మొత్తం పేటను మ్హాడా ద్వారా తిరిగి కట్టించాలని ప్రభుత్వం పూనుకుంది.

1986లో మ్హాడా చట్టంలో కొత్త అధ్యాయం చేర్చారు. 70 శాతం మంది నివాసులు కోరితే భవనాన్ని ప్రభుత్వం తీసుకోవచ్చు, యజమానికి నెల అద్దెకు వంద రెట్లు ఇస్తే చాలు. యజమానులు కోర్టుకెక్కారు. ఆ వివాదం 1992లో సుప్రీంకోర్టు చేరితే, తొమ్మిది మంది న్యాయమూర్తుల తీర్పు 2024 నవంబర్ 5న వచ్చింది: ప్రతి ప్రైవేటు ఆస్తినీ రాజ్యాంగం చెప్పే సమాజ వనరుగా లెక్కించడానికి వీల్లేదు. రాజ్యాంగ ప్రశ్న తేలడానికి ముప్పై ఏళ్లు దాటింది. అన్నేళ్లలో దూలాలు ఎంత కుళ్లి ఉంటాయి?

ఈలోగా బిల్డర్‌కు అదనపు ఎఫ్‌ఎస్‌ఐ (అదే స్థలంలో ఎక్కువ విస్తీర్ణం కట్టుకునే అనుమతి), అద్దెదారుకు ఉచితంగా సొంత ఫ్లాట్ అనే పద్ధతి వచ్చింది. లాభం కనిపించిన చోట టవర్లు లేచాయి. ఇరుకు సందుల్లోని చిన్న స్థలాల జోలికి ఎవరూ రాలేదు. తాత్కాలికమని ట్రాన్సిట్ క్యాంపులకు వెళ్లినవాళ్లలో కొందరికి దశాబ్దాలు గడిచాయి. ఖాళీ చేయమంటే భయపడటం వెనుక అసలు కారణం ఇదే. దాన్ని మొండితనం అనడం అన్యాయం.

ఆగిపోయిన అద్దె సమంజసం కాదని సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది. 2000లో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఏటా 4 శాతం పెంపునకు వీలిచ్చింది, పగిడీని చట్టబద్ధం చేసింది. అంత తక్కువ మొత్తం మీద 4 శాతం పెరిగినా మేస్త్రీ కూలికి చాలదు. మ్హాడా చట్టానికి 2020లో చేసిన సవరణలో మాత్రం గడువులు పెట్టారు: ప్రమాదకరమని తేలాక యజమానికి ఆరు నెలలు, అతను ముందుకు రాకపోతే అద్దెదారుల సొసైటీకి ఆరు నెలలు, ఆ తర్వాత మ్హాడా స్వాధీనం. దీనికి రాష్ట్రపతి ఆమోదం రావడానికే 2022 చివరి దాకా పట్టింది. కట్టేవాళ్లకు పెట్టిన గడువు లాంటిదే, ఖాళీ చేసినవాళ్లు సొంత గూటికి తిరిగొచ్చే తేదీకీ ఉండాలి.