బి కాంప్లెక్స్: ఒకే పేరు కింద ఎనిమిది విటమిన్లు, బోలెడన్ని అపోహలు

నీరసంగా ఉందంటే బి కాంప్లెక్స్, నోరు పూసిందంటే బి కాంప్లెక్స్, జుట్టు రాలుతోందంటే మళ్లీ అదే. ఈ ఒక్క పేరే సగం గందరగోళానికి మూలం. బి విటమిన్లు ఎనిమిది. ఏది ఏ తిండిలో దొరుకుతుంది, ఎలా పోతుంది, తగ్గితే ఏ జబ్బు వస్తుంది అన్నది ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. అన్నిటినీ ఒకటే మాత్రగా చూస్తే మనకు తగ్గింది ఏదో ఎప్పటికీ తెలియదు.

అపోహ: మూడు పూటలా అన్నం తింటున్నాం, బి1 ఎందుకు తగ్గుతుంది?

బి1 ఎక్కువగా ఉండేది బియ్యపు గింజ పైపొరలో, మొలక దగ్గర. మిల్లులో తెల్లగా పాలిష్ పడితే అది తవుడుతో పోతుంది. మిగిలినదాంట్లో కొంత కడుగునీళ్లతో పశువుల కుడితిలోకి, ఇంకొంత గంజితో తూములోకి పోతుంది. నీళ్లలో కరిగేది కాబట్టి నీళ్లు ఎటు పోతే అదీ అటే. అందుకే కడుగునీళ్లు తేటగా వచ్చేదాకా బియ్యం పిసకొద్దు, ఒకటి రెండుసార్లు కడిగితే చాలు. వార్చకుండా అత్తెసరు పెట్టండి: గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు, పాత బియ్యమైతే ఇంకో అర గ్లాసు. వార్చక తప్పదనుకుంటే ఆ గంజి పారబోయకుండా ఉప్పేసుకుని తాగండి.

ఉప్పుడు బియ్యం సంగతి వేరు. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు పైపొరలోని బి1 గింజ లోపలికి ఇంకుతుంది. ఆ తర్వాత పాలిష్ పట్టినా చాలావరకు నిలుస్తుంది. మన మిల్లుల్లో తయారై కేరళ, తమిళనాడు వైపు వెళ్లే ఈ బియ్యాన్ని మన ఇళ్లలో వారానికి రెండు మూడు రోజులైనా వండుకోవడం మంచిదని మా అభిప్రాయం.

ఇంకో చిన్న పొరపాటు: శనగలు త్వరగా ఉడకాలని వంటసోడా వేయడం. సోడా క్షారగుణం బి1ను నాశనం చేస్తుంది. దాని బదులు రాత్రంతా నానబెట్టి కుక్కర్లో పెట్టండి.

అపోహ: రేషన్ బియ్యంలో నీళ్ల మీద తేలేవి ప్లాస్టిక్ గింజలు.

కావు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం (బి9), బి12 కలిపి గింజ ఆకారంలో తయారుచేసి, వంద కిలోల బియ్యానికి కిలో చొప్పున కలిపినవే అవి. తేలికగా ఉండడం వల్ల కొన్ని తేలతాయి, రంగులో కూడా కాస్త తేడా కనిపిస్తుంది. వాటిని ఏరి పారేయొద్దు. అలాగని వాటితోనే సరిపెట్టుకోవద్దు. ప్రమాణాల ప్రకారం కిలో బియ్యంలో ఉండాల్సిన బి12 0.75 నుంచి 1.25 మైక్రోగ్రాములే. పెద్దవారికి రోజుకు కావలసింది రెండు నుంచి రెండున్నర.

అపోహ: చద్దన్నం, పులిసిన ఇడ్లీ పిండి తింటే బి12 వస్తుంది.

పులియడం వల్ల బి2, ఫోలేట్ (తిండిలో సహజంగా ఉండే బి9) లాంటివి పెరగొచ్చు. చద్దన్నాన్ని నానిన నీళ్లతో సహా తింటే కరిగినవేవీ వృథా కావు, మంచిదే. కానీ బి12 కోసం దాన్ని నమ్ముకోవద్దు. అది నమ్మకంగా దొరికేది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం, కాలేయంలో. స్పిరులినాలో కనిపించేది చాలావరకు మన ఒంటికి పనికిరాని నకలు రూపం.

శాకాహారులు లెక్క చూసుకోవాలి. 100 మిల్లీలీటర్ల ఆవుపాలలో సుమారు 0.4 నుంచి 0.5 మైక్రోగ్రాములు ఉంటుంది. కాఫీలో పోసే 50 మిల్లీలీటర్లతో పావు మైక్రోగ్రాము దాటదు. నీళ్ల మజ్జిగలో ఎంత పెరుగుందో అంతే లెక్క. పాలూ పెరుగూ కలిపి రోజూ అర లీటరైనా కడుపులోకి వెళ్లాలి. పాలు కూడా మానేసినవారికి మాత్ర తప్పనిసరి.

అపోహ: అరికాళ్ల తిమ్మిర్లు షుగర్ వల్లే.

షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. గ్యాస్ మాత్రలు, అంటే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటివి, దీర్ఘకాలం వాడినా అంతే. దీనివల్ల వచ్చే తిమ్మిర్లూ సూదులు గుచ్చినట్టుండడమూ షుగర్ నరాల జబ్బులాగే ఉంటాయి, అందుకే బి12 లోపమని గుర్తించకుండా దాటిపోతాయి. రక్తంలో బి12 పరీక్ష చేయించండి, అదీ మాత్రలు, ఇంజెక్షన్లు మొదలుపెట్టక ముందే. మిల్లీలీటరుకు 200 పీకోగ్రాములకన్నా తక్కువ వస్తే సాధారణంగా లోపం కిందే లెక్క. 300 లోపు వచ్చి లక్షణాలున్నా తేలిగ్గా తీసుకోవద్దు. కాలేయంలో బి12 నిల్వ ఏళ్లపాటు సరిపోతుంది కాబట్టి లోపం చాలా నెమ్మదిగా బయటపడుతుంది. ఆలస్యమైతే నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు.

ఇంజెక్షన్ అయితేనే పనిచేస్తుందనేదీ నిజం కాదు. 1000 మైక్రోగ్రాముల మాత్రలో దాదాపు ఒక శాతం పేగుల నుంచి నేరుగా రక్తంలోకి చేరుతుంది, అదే పది మైక్రోగ్రాములు. నరాల లక్షణాలు ముదిరినప్పుడు మాత్రం ముందు ఇంజెక్షనే.

అపోహ: రక్తం తక్కువగా ఉంటే ఫోలిక్ ఆమ్లం వేసుకుంటే చాలు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని పరిశోధకులు 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. ఆ తర్వాతి ఏళ్లలో, అసలు లోపం బి12దైన రోగులకు కూడా దాన్ని ఇచ్చి చూశారు. రక్తం మెరుగైంది, నరాలు మాత్రం దెబ్బతింటూనే పోయాయి. ఆ పాఠం ఇప్పటికీ వర్తిస్తుంది: కారణం తేలకుండా ఒంటరిగా ఫోలిక్ ఆమ్లం వేసుకోవద్దు.

గర్భం విషయంలో మాత్రం ఫోలిక్ ఆమ్లాన్ని ఆలస్యం చేయకూడదు. బిడ్డ వెన్నునాళం (మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం) గర్భం వచ్చిన నాలుగు వారాల్లోపే మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలిసీ తెలియకుండా ఉంటుంది. బిడ్డ కావాలనుకున్నప్పుడే రోజుకు 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టాలి. అంతకుముందు బిడ్డకు వెన్నునాళ లోపం వచ్చినవారికి మోతాదు ఎన్నో రెట్లు ఎక్కువ, అది డాక్టరే నిర్ణయించాలి.

అపోహ: నీళ్లలో కరిగేవి కాబట్టి ఎంత వేసుకున్నా హాని లేదు.

మాత్ర వేసుకున్నాక మూత్రం ముదురు పసుపుగా వస్తే అది బి2, దాంతో భయం లేదు. బి6 అలా కాదు. నెలల తరబడి పెద్ద మోతాదులో వాడితే అదే తిమ్మిర్లు తెచ్చిపెడుతుంది. తిమ్మిర్లకని వాడే నరాల మాత్రల్లో బి6 ఎన్ని మిల్లీగ్రాములుందో అట్ట వెనక చూడండి. జుట్టుకని వాడే బయోటిన్ (బి7) థైరాయిడ్, గుండెపోటు రక్తపరీక్షల ఫలితాలను తప్పుగా చూపించగలదు. పరీక్షకు ముందే ల్యాబులో చెప్పండి, రెండు మూడు రోజుల ముందు ఆపాలేమో డాక్టర్ని అడగండి.

అపోహ: నీరసానికి పసుపు సెలైన్ ఎక్కించుకుంటే బలం వస్తుంది.

ఆ పసుపు రంగు కూడా బి2దే. అయిదు శాతం గ్లూకోజు సీసా అర లీటరులో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు, అంటే అయిదారు చెంచాల చక్కెర. మద్యం బాగా తాగి తిండి మానేసినవారికి మాత్రం ఇది ప్రమాదం కూడా. బి1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. అలాంటివారికి సూది గుచ్చకముందే తాగుడు సంగతి వైద్యుడికి చెప్పి తీరాలి.