కామిక్స్ సేకరణకు జాబితా: అపోహలు - వాస్తవాలు

అటకల మీదా, ట్రంకు పెట్టెల్లోనూ ఏళ్ళ తరబడి పడి ఉన్న కామిక్స్‌ను బయటికి తీసి, జాబితా రాసి, తిరిగి సర్దిపెట్టడం నా పని. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ దాదాపు ఇవే నమ్మకాలు వినిపిస్తాయి.

అపోహ: పేరు, సంచిక సంఖ్య రాసుకుంటే జాబితా పూర్తయినట్టే.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ చిక్కులు తెచ్చేది ఈ నమ్మకమే. అమర్ చిత్ర కథలో ‘కృష్ణ’ మొదట 11వ సంఖ్యతో వచ్చింది. తర్వాతి పునర్ముద్రణల్లో అదే పుస్తకం 501 అయింది. రెండూ ఉన్న ఇంట్లో సంఖ్యను మాత్రమే రాసుకుంటే అవి వేర్వేరు కథలని అనుకుంటారు. అమెరికన్ కామిక్స్‌లో చిక్కు మరో రకం. ‘అమేజింగ్ స్పైడర్‌మాన్’ 1963లో ఒకటో సంచికతో మొదలైంది, 1999లో మళ్ళీ ఒకటి నుంచి లెక్క పెట్టారు, 2003లో పాత లెక్క కలిపి 500వ సంచిక తెచ్చారు. ఉత్త ‘1’ అని రాస్తే అది ఏ ఒకటో ఎవరికి తెలుస్తుంది?

అందుకే పేరు, సంపుటి, సంఖ్య, భాష, ప్రచురణకర్త, నెల, సంవత్సరం, ముద్రిత ధర అన్నీ వేర్వేరు గడుల్లో రాయాలి. ధర చిన్న విషయమని వదిలేయకండి. పునర్ముద్రణ అని ఎక్కడా వేయని పుస్తకం ఏ కాలానిదో చాలాసార్లు ధరే చెబుతుంది. పేరును ముఖచిత్రం మీది పెద్ద అక్షరాల నుంచి కాక, లోపల చిన్న అక్షరాల్లో ఉండే ప్రచురణ వివరాల నుంచి తీసుకోండి. అలంకారం కోసం అట్ట మీద పేరును రకరకాలుగా మారుస్తారు. 1994 నుంచి స్వచ్ఛందంగా సాగుతున్న గ్రాండ్ కామిక్స్ డేటాబేస్ అనే ఆన్‌లైన్ కామిక్స్ జాబితాలోనూ ఇదే పద్ధతి.

అపోహ: వరుసలో సంఖ్య లేకపోతే ఆ సంచిక పోయినట్టే.

వాస్తవం: 1964 మార్చిలో ఫాంటమ్ కథతో మొదలై 1990లో ఆగిపోయిన ఇంద్రజాల్ కామిక్స్‌లో 123, 124 సంఖ్యలు అసలు వెలువడనే లేదు. వాటి కోసం పాత పుస్తకాల దుకాణాలు గాలించేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది. 1980లలో ఈ పత్రిక వరుస సంఖ్యను వదిలి ‘సంపుటి 20, సంచిక 1’ పద్ధతికి మారింది. ఆ మార్పు తెలియకపోతే సేకరణ సగంలో తెగిపోయినట్టు కనిపిస్తుంది.

అపోహ: బార్‌కోడ్ చూసి వివరాలు నింపే యాప్ ఉంటే చేత్తో రాయక్కర్లేదు.

వాస్తవం: కొత్త ఇంగ్లిష్ సంచికలకు సరే. బార్‌కోడ్ లేని పాత తెలుగు పుస్తకాలకు మీ స్ప్రెడ్‌షీటే దిక్కు. అందులో ఫాంటమ్, ఫాంటం అని రెండు విధాలుగా రాస్తే వెతికినప్పుడు సగమే దొరుకుతాయి. ఒక వర్ణక్రమం ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడండి.

అపోహ: ప్లాస్టిక్ కవరులో పెడితే ఇక భయం లేదు.

వాస్తవం: ఏ ప్లాస్టిక్ అన్నదే ప్రశ్న. మెత్తగా ఉండి ఘాటైన వాసన వేసే పీవీసీ కవర్లు కాలక్రమంలో జిగటగా మారి సిరాను లాగేస్తాయి, ఆమ్లాన్నీ వదులుతాయి. పాలీప్రొపిలీన్, పాలిథిన్ మేలు. పాలిస్టర్ అన్నిటికంటే మన్నుతుంది, ఖరీదూ ఎక్కువే. పుస్తకం వెనక పెట్టే అట్ట ఆమ్లరహితమైనది కావాలి. మామూలు బూడిదరంగు అట్టలోని ఆమ్లం కాగితంలోకి దిగుతుంది. న్యూస్‌ప్రింట్‌లో లిగ్నిన్ అనే కలప పదార్థం ఉంటుంది కనుక అది ఎలాగూ పసుపెక్కుతుంది. వెలుతురు, వేడి, తేమ తగ్గించి ఆ వేగాన్ని తగ్గించగలం, అంతే. సముద్రతీర పట్టణాల్లో ముందుగా దెబ్బతినేవి పిన్నులు. వాటి తుప్పు మరక మధ్యపేజీ దాకా పాకుతుంది. బీరువాను గోడకు ఆనించకండి, అటక మీద అసలే పెట్టకండి.

అపోహ: చిరిగిన చోట సెల్లోటేపు వేయాలి, మంచి ప్రతిని లామినేషన్ చేయించాలి.

వాస్తవం: రెండూ వద్దు. టేపు జిగురు గోధుమరంగు మరకగా మిగిలిపోతుంది. లామినేషన్‌ను వెనక్కి తీయలేం. చిరుగును జాబితాలో ‘స్థితి’ గడిలో రాసి, పుస్తకాన్ని అలాగే కవరులో ఉంచండి.

చందమామలతో కలిపి కామిక్స్‌ను కూడా బైండు చేయించిన ఇళ్ళు మనకు చాలా ఉన్నాయి. బైండింగ్‌లో అంచులు కత్తిరిస్తారు, కొన్నిసార్లు అట్టలూ తీసేస్తారు. అయినా విలువ పెరుగుతుందని ఆ బైండును విప్పకండి. లోపలి ప్రతి సంచికకూ జాబితాలో ఒక వరుస ఇచ్చి, ‘చోటు’ గడిలో ఆ బైండు సంఖ్య వేయండి. ఆ ఇంట్లో పిల్లలు ఏవి కలిపి చదివారో ఆ బైండే చెబుతుంది, విప్పితే ఆ సమాచారం పోతుంది.

అపోహ: పాతదైతే ఖరీదైనదే.

వాస్తవం: ఎన్ని ప్రతులు మిగిలాయి, ఎంత మంది వెతుకుతున్నారు, ఏ స్థితిలో ఉంది అన్నవే ధరను తేలుస్తాయి.

ఇక సర్దడం. మామూలు సైజు పుస్తకాలను పెట్టెలో నిలబెట్టండి, వంగిపోకుండా ఖాళీని అట్టముక్కలతో నింపండి. పెద్ద సైజువి పడుకోబెట్టండి, దొంతర ఎత్తు పెరగనివ్వకండి. పెట్టె మీద సంఖ్య వేసి అదే జాబితాలో ఎక్కించండి. ఎవరికైనా చదవడానికి ఇస్తే పేరు, తేదీ రాయడానికి చివర్లో ఒక గడి వదలండి.