పాత మందుకు కొత్త పని

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవులు బుజ్జికి, చిన్నోడికి అమ్మమ్మ ఆశీస్సులు.

“బ్యాక్టీరియా మందులకు లొంగకపోతే కొత్త మందు కనిపెట్టొచ్చు కదా అమ్మమ్మా” అని అడిగావు బుజ్జీ. ఫోన్లో తేలే విషయం కాదు, అందుకే రాస్తున్నాను.

కనిపెడుతున్నారు. కానీ ఒక కొత్త మందు ల్యాబు నుంచి మెడికల్ షాపుకు చేరేసరికి పదేళ్లు దాటిపోతుంది. అన్నాళ్లు బ్యాక్టీరియా ఊరుకోదు, కొన్ని ఇరవై నిమిషాలకే రెట్టింపవుతాయి. అందుకే వేరే జబ్బులకు ఇప్పటికే వాడుతున్న మందుల్లో వెతుకుతున్నారు. వాటి డోసు ఎంతో, ఇబ్బందులేంటో ముందే తెలుసు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ కూడా మొదట క్యాన్సర్‌ మందే. ఇప్పుడు కీళ్లవాతానికీ ఇస్తున్నారు.

నేను ల్యాబులో చేసిన పరీక్ష ఒకటి చెప్తాను. గాజు ప్లేటులో గట్టిపడిన అగర్ అనే జెల్లీ మీద, రోగి నుంచి తీసిన బ్యాక్టీరియాను దూదిపుల్లతో పూస్తాం. పైన మందు అద్దిన చిన్న కాగితం బిళ్లలు పెట్టి, రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచుతాం. మందు పనిచేస్తే తెల్లారేసరికి బిళ్ల చుట్టూ గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. లేదంటే బ్యాక్టీరియా పొర బిళ్ల అంచుదాకా పాకేస్తుంది. మెరోపెనెం అనే యాంటీబయాటిక్ ఐసీయూల్లో దాదాపు ఆఖరి ఆయుధం. దాని బిళ్లను ఆనుకుని పొర కనిపిస్తే నాకు గుండె గుభేలుమనేది. అదే ప్లేటులో, మెరోపెనెంకు ఈడీటీఏ అనే రసాయనం చేర్చిన బిళ్ల చుట్టూ మాత్రం చక్కటి ఖాళీ! బ్యాక్టీరియా అదే, మందూ అదే.

సంగతేమిటంటే, ఆ బ్యాక్టీరియా మందును ముక్కలు చేసే ఎంజైమ్‌ను తయారు చేసుకుంటుంది. అలాంటివాటిలో ఒకటి ఎన్‌డీఎం-1. 2008లో, మన దేశంలో వైద్యం చేయించుకుని స్వీడన్ వెళ్లిన రోగిలో బయటపడింది. దాన్ని కత్తెర అనుకుంటే, రెండు జింకు అయాన్లు దాని మేకులు. ఈడీటీఏ వాటిని ఊడబెరికేస్తుంది. అయితే దాన్ని రోగికి ఎక్కించడం ప్రమాదం, రక్తంలోని కాల్షియాన్నీ లాగేస్తుంది. రక్తపరీక్షకు వాడే ఊదారంగు మూత ట్యూబులో ఉండేది అదే, రక్తం గడ్డకట్టకుండా.

మరి మనుషులు తట్టుకునేది ఏదైనా ఉందా? 2018లో హాంకాంగ్ విశ్వవిద్యాలయం వాళ్లకు అది కడుపులో అల్సర్‌కు ఇచ్చే, బిస్మత్ అనే లోహం ఉన్న మందులో దొరికింది. ఒక బిస్మత్ వచ్చి ఆ రెండు జింకులనూ నెట్టేసి కూర్చుంటుంది. మెరోపెనెంతో కలిపి ఇస్తే ఎలుకల్లో ఇన్‌ఫెక్షన్ మీద మందు మళ్లీ పనిచేసింది. పైగా బ్యాక్టీరియా ఇంకా మొండికేయడం నెమ్మదించింది. నాకు అన్నిటికంటే ఎక్కువ ఆశ కలిగించింది ఈ చివరి మాటే.

అలాగని జ్వరమొస్తే అల్సర్ మందు మింగమని కాదర్రా! బిస్మత్ పేగుల్లోంచి రక్తంలోకి చాలా తక్కువ చేరుతుంది. ఇంకోటి. అదే 2018లో జర్మనీ శాస్త్రవేత్తలు వెయ్యికి పైగా మందులను మన పేగుల్లో ఉండే 40 రకాల బ్యాక్టీరియా మీద పరీక్షించారు. మనిషి శరీరం మీద పనిచేయడానికి చేసిన మందుల్లో సుమారు నాలుగో వంతు కనీసం ఒక రకం బ్యాక్టీరియాను ఎదగనివ్వలేదు. అంటే యాంటీబయాటిక్ కాని మందులు కూడా బ్యాక్టీరియాను మొండిగా మార్చే అవకాశం ఉంది. అందుకే ఇప్పుడు ఆ వైపు నుంచీ పరిశీలిస్తున్నారు.

ప్రేమతో,
మీ అమ్మమ్మ